తలకట్టు తప్పిన ఉత్తరాలు

1

తెలుగు అక్షరం తాటాకు నుంచి అచ్చుకు వచ్చిన క్రమాన్ని గురించి మన సాహిత్య చరిత్రల్లో కొంత చర్చ జరిగింది. అచ్చుయంత్రం వచనాన్ని ఎలా పెంచిందో, పత్రిక కొత్త పాఠకుణ్ణి ఎలా తయారుచేసిందో మనం చెప్పుకున్నాం. కాని గత 50 ఏళ్లలో అక్షరం సంఖ్యగా మారి, తీగల మీద ప్రయాణం చేసి, మరో చోట మళ్లీ అక్షరంగా లేచిన చరిత్ర మాత్రం సాహిత్య చర్చలోకి దాదాపు రాలేదు. అది సాంకేతిక నిపుణుల వ్యవహారమని వదిలేశాం. అందుకే ఈమెయిల్లో వచ్చిన కథ సున్నలుగా, గీతలుగా, ప్రశ్నార్థకాలుగా కనబడితే "యంత్రం పాడుచేసింది" అనుకొని, మళ్లీ పంపమని రచయితకు కబురు చేసి వూరుకుంటున్నాం. రచయిత బతికి వున్నంతకాలం, అతని దగ్గర మరో ప్రతి వున్నంతకాలం ఈ పద్ధతి సాగుతుంది. ఆ తర్వాత?

యంత్రం తనంతట తాను ఏ అక్షరాన్నీ పాడుచెయ్యదు. యంత్రానికి అక్షరం తెలియదు, సంఖ్య తెలుసు. ఏ సంఖ్య ఏ అక్షరమనేది మనుషులు చేసుకున్న ఒప్పందం. ఆ ఒప్పందాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ అవసరం కోసం చేసుకున్నారు, అందులో ఎవరికి చోటు దొరికింది, ఎవరు బయట వుండిపోయారు అన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. చెడిపోయిన ఉత్తరం ఆ చరిత్రకు సాక్ష్యం. దాన్ని బాగుచెయ్యడం, తాళపత్ర ప్రతిని పరిష్కరించడం లాంటి పనే. తప్పు ఎలా పుట్టిందో తెలియకుండా తప్పు దిద్దటం పరిష్కర్తకు తగని పని. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

ముందుగా ఒక మాట. ప్రతి ఈమెయిల్లోనూ రెండు భాగాలుంటాయి. పైన హెడర్: ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీ, ఏ విషయం, లోపలి సంఖ్యలను ఏ పట్టిక ప్రకారం చదవాలి అనే వివరాలు. ఆ తర్వాత ఒక ఖాళీ పంక్తి. దాని కింద అసలు ఉత్తరం. ఈ హెడర్‌ను మనం తలకట్టు అనుకోవచ్చు. తెలుగు అక్షరానికి తలకట్టు ఏం చేస్తుందో ఇదీ ఉత్తరానికి అదే చేస్తుంది; ఎలా పలకాలో చెబుతుంది. అది తప్పితే లోపల ప్రతి సంఖ్యా క్షేమంగా వున్నా ఉత్తరం పలకదు.

2

అమెరికాలో 1963లో వెలువడి 1967లో సవరణ పొందిన పట్టిక పేరు ఆస్కీ. ఒక్కో అక్షరానికి 7 బిట్లు, అంటే మొత్తం 128 గదులు. వాటిలో 33 గదులు యంత్రాన్ని నడిపే ఆజ్ఞలకు పోయాయి. మిగిలిన 95 గదుల్లో ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, ఒక డాలరు గుర్తు. ఫ్రెంచివాళ్ల స్వరాల మీది గీతలకు కూడా అందులో చోటు లేదు. అప్పటి టెలిప్రింటర్ల, జ్ఞాపక పరికరాల ఖరీదు చూస్తే ఒక్కో బిట్‌ను ఆదా చెయ్యడం వెనక ఆర్థిక కారణం వుంది. పట్టిక చేసినవాళ్లను దుర్మార్గులుగా చిత్రించనవసరం లేదు. వాళ్లు తమ దేశపు కార్యాలయాల, కంపెనీల, సైన్యం అవసరానికి ఒక పట్టిక చేసుకున్నారు.

సమస్య ఆ స్థానిక పట్టిక విశ్వజనీనమైనదిగా చలామణీ కావడంతో మొదలయింది. 1971లో రే టాంలిన్సన్ అర్పానెట్ మీద ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఉత్తరం పంపే పద్ధతి కల్పించాడు. 1982లో ఈ పద్ధతికి రెండు ప్రమాణపత్రాలు వచ్చాయి. ఉత్తరాన్ని మోసుకుపోయే విధానాన్ని ఆర్.ఎఫ్.సి. 821, ఉత్తరం రూపాన్ని, దాని తలకట్టును ఆర్.ఎఫ్.సి. 822 నిర్ణయించాయి. రెండూ ఉత్తరమంటే ఆస్కీ అక్షరాలే అని భావించాయి. తీగ మీద 8 బిట్లు పోతున్నా 8వ బిట్‌ను సున్న చెయ్యాలని మొదటిది విధించింది. అంటే 128కి పైబడిన ప్రతి సంఖ్యలోనుంచీ 128ని కోసేసినట్టే.

ఈ ప్రమాణాల్లో ఉత్తరం ఏ పట్టికలో వుందో చెప్పే పంక్తి తలకట్టులో లేదు. ఎందుకు వుండాలి? ఒకే పట్టిక వున్నచోట దాని పేరు చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు ఉత్తరానికి "సాదా పాఠం" అని పేరు. మిగతా భాషలకు తర్వాతి కాలంలో చీటీలు తగిలించవలసి వచ్చింది. తన వేషం వేషం కాదనీ, ఎదుటివాడిదే వేషమనీ అనుకునే వైఖరిని సాహిత్యంలో మనం చాలాసార్లు చూశాం. ప్రామాణిక భాషకూ మాండలికానికీ మధ్య ఇలాంటి సంబంధమే నడిచింది. ఒకటి భాష, మరొకటి యాస. ఒకదానికి చీటీ అక్కరలేదు, మరొకటి చీటీ లేకుండా గడప దాటలేదు.

3

గడప అవతల వున్నవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఎవరి పద్ధతిలో వాళ్లు దారి వెతుక్కున్నారు.

స్వీడన్ వాళ్లు 7 బిట్ల పట్టికలోనే సర్దుకున్నారు. ఇంగ్లీషుకు పెద్దగా పనిలేని గజగళ బ్రాకెట్లు, పుష్పబంధాల గదుల్లో తమ ప్రత్యేక స్వరాలను కూర్చోబెట్టారు. స్వీడిష్ యంత్రం మీద సరిగా కనబడే మాట అమెరికన్ యంత్రం మీద మధ్యలో బ్రాకెట్లతో కనబడేది. వాళ్లు ఆ బ్రాకెట్లను స్వరాలుగా చదవడం అలవాటు చేసుకున్నారు. పాఠకుడే పరిష్కర్త అయ్యాడు.

సోవియట్ యూనియన్‌లో 1974 నాటి ప్రమాణం నుంచి వచ్చిన కోయ్-8 పట్టికలో మరింత ముందుచూపు కనబడుతుంది. అందులో రష్యన్ అక్షరాలు రష్యన్ వర్ణమాల క్రమంలో లేవు. 8వ బిట్‌ను కోసేస్తే ఏ ఇంగ్లీషు అక్షరం మిగులుతుందో, దాదాపు అదే ధ్వని గల రష్యన్ అక్షరాన్ని ఆ గదిలో పెట్టారు. దారిలో ఏ యంత్రమైనా 8వ బిట్‌ను తినేస్తే ఉత్తరం నాశనం కాదు. ఇంగ్లీషు లిపిలో రాసిన రష్యన్‌గా మారుతుంది. పెద్దబడి అక్షరాలు చిన్నబడిగా, చిన్నబడివి పెద్దబడిగా తారుమారవుతాయి. ఆ తారుమారే ఉత్తరానికి దెబ్బ తగిలిందని చెప్పే గుర్తు. 1990లో మొదలైన రెల్‌కామ్ అనే సోవియట్ నెట్‌వర్క్ 1991 ఆగస్టులో మాస్కోలో ప్రభుత్వాన్ని పడగొట్టే ప్రయత్నం జరిగిన రోజుల్లో వార్తలను దేశం బయటికి చేరవేసింది.

అదే రష్యన్ భాషకు తర్వాత మైక్రోసాఫ్ట్ తన పట్టిక తెచ్చింది, డాస్ యంత్రాలకు వేరే పట్టిక వుంది, అంతర్జాతీయ ప్రమాణ సంస్థ మరొకటి చేసింది. ఒక్క భాషకు నాలుగు పట్టికలు. చెడిన ఉత్తరాల రాతకు రష్యన్లు "క్రకొజ్యాబ్రి" అని పేరు పెట్టుకున్నారు. ఒక కవరు బొమ్మ చాలా ప్రసిద్ధి పొందింది. రష్యా నుంచి ఈమెయిల్లో పంపిన చిరునామా ఫ్రాన్సులో గీతల అక్షరాలుగా కనబడింది. అక్కడి స్నేహితుడు ఆ గీతలనే శ్రద్ధగా కవరు మీద చేత్తో ఎత్తి రాసి పోస్టు చేశాడు. రష్యన్ తపాలా ఉద్యోగులు గీతల కింద అసలు అక్షరాలు రాసుకొని ఆ ఉత్తరాన్ని చేర్చవలసిన చోటికి చేర్చారు. పాఠ పరిష్కరణ విశ్వవిద్యాలయాల సొత్తు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

జపాన్‌ది ఇంకా కష్టమైన సంగతి. వేల అక్షరాలు 128 గదుల్లో ఎలా పడతాయి? 1984లో జున్ మురాయి మొదలైనవాళ్లు ప్రారంభించిన జునెట్‌లో ఒక ఉపాయం స్థిరపడింది. 27వ సంఖ్య అయిన ఎస్కేప్ సంకేతం, దాని వెంట డాలరు గుర్తు, బి అక్షరం వస్తే "ఇక్కడినుంచి రెండేసి సంఖ్యలు కలిపి ఒక జపనీస్ అక్షరంగా చదవండి" అని అర్థం. అలాంటి మరో గుర్తు వస్తే మళ్లీ ఇంగ్లీషు. అంతా 7 బిట్లలోనే సాగుతుంది కనుక దారిలో కోత పడదు. అయితే కొన్ని యంత్రాలు కంటికి కనబడని ఎస్కేప్ సంకేతాన్ని చెత్తగా భావించి వూడ్చేసేవి. అప్పుడు డాలరు గుర్తుతో మొదలయ్యే అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు మిగిలేవి. ఎస్కేప్ ఎక్కడ పోయి వుంటుందో వూహించి తిరిగి పెట్టే సౌకర్యాన్ని ఎన్.కె.ఎఫ్. అనే జపనీస్ ఉపకరణంలో చేర్చారు. తప్పు పుట్టే తీరు తెలుసు కాబట్టే దిద్దే తీరు దొరికింది. అక్షరాలు ఇలా రూపు మారడాన్ని జపనీయులు "మొజిబాకె" అంటారు. నేడు ప్రపంచమంతా ఆ మాటే వాడుతోంది.

4

1992 జూన్‌లో నెథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ తయారుచేసిన మైమ్ అనే ప్రమాణం వచ్చింది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త బళ్లు నడిపే ఒప్పందం అది. ఇందులో రెండు ఏర్పాట్లు ముఖ్యమైనవి. మొదటిది చీటీ: లోపలి పాఠం ఏ పట్టికలో వుందో తలకట్టులో ఒక పంక్తిగా రాయాలి. రెండోది మూట: 128 దాటిన సంఖ్యలను ఆస్కీ అక్షరాల వేషంలో మూటగట్టి పంపాలి. మూటకట్టే పద్ధతులు రెండు. బేస్64 పద్ధతిలో 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. రెండోదైన కోటెడ్ ప్రింటబుల్ పద్ధతిలో అటువంటి ఒక్కో బైటు 3 అక్షరాలవుతుంది. బేస్64 వాడే 64 అక్షరాలను ఏ దేశపు 7 బిట్ల పట్టికలోనూ, ఐబీఎం వారి ఎబ్సిడిక్‌లోనూ మారనివిగా చూసి ఏరారు. అంతకుముందు పడిన దెబ్బలన్నీ ఆ ఎంపికలో కనబడతాయి.

తలకట్టులోనే వేరే భాష రావలసి వస్తే? విషయం పంక్తి తెలుగులో వుంటే? చీటీ వుండేది తలకట్టులో. తలకట్టుకు చీటీ ఎక్కడ అంటించాలి? దీనికి అదే నెలలో కీత్ మూర్ ఒక ప్రమాణపత్రం రాశాడు. పట్టిక పేరు, మూటకట్టిన పద్ధతి, మూట, ఈ మూడింటినీ ప్రశ్నార్థకాలతో విడదీసి, రెండు చివరలా సమాన చిహ్నాలు పెట్టి ఒక మాటగా రాయాలి. ఒక్కో మాట 75 అక్షరాలు మించకూడదు. ఉత్తరం సరిగా కనబడుతూ విషయం పంక్తి మాత్రం చెడిపోవడానికీ, అది సరిగా వుండి ఉత్తరం చెడిపోవడానికీ కారణం ఇదే. తలకట్టుదీ ఒడలుదీ వేరువేరు ఏర్పాటు. ఒకటి బాగైతే రెండోది బాగైనట్టు కాదు.

ఈ కొలతలు తెలుగుకు ఏ పాటి చోటు ఇచ్చాయో లెక్క చూద్దాం. నేడు వాడుకలో వున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. "తెలుగు" అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి 6 సంకేతాలు, 18 బైట్లు. బేస్64 మూటలో 24 అక్షరాలు, కోటెడ్ ప్రింటబుల్‌లో 54. విషయం పంక్తిలో పట్టిక పేరుకూ గుర్తులకూ 12 అక్షరాలు పోగా మిగిలినదాంట్లో బేస్64 పద్ధతిలో 15 తెలుగు సంకేతాలు, రెండో పద్ధతిలో 7 మాత్రమే పడతాయి. ఒక మామూలు వ్యాసం శీర్షికను రెండు మూడు మూటలుగా విడగొట్టక తప్పదు. ఒక అక్షరాన్ని మధ్యకు కోసి రెండు మూటల్లో పెట్టకూడదని ప్రమాణం చెబుతుంది. ఇంగ్లీషులోనే పరీక్షించుకున్న ప్రోగ్రాములకు ఆ నియమం గుర్తుండదు. ఒక అక్షరానికి ఒకటే బైటు అనుకునేవాడి కత్తికి అక్షరం మధ్యభాగమే కనబడదు. అలా కోసిన చోట అటూ ఇటూ నల్లటి ప్రశ్నార్థకాలు లేస్తాయి. మూటలు విడివిడిగా విప్పి చదవడం కాకుండా, ముందు బైట్లన్నీ కలిపి ఆ తర్వాత చదివితే అక్షరం తిరిగి అతుక్కుంటుంది.

5

యూనికోడ్ గురించి మన దగ్గర రెండు అతివాదాలున్నాయి. అది తెలుగును రక్షించిన వరమని ఒకటి, విదేశీ కంపెనీల కుట్ర అని మరొకటి. చరిత్ర ఈ రెంటికీ లొంగదు. 1991 జనవరిలో కాలిఫోర్నియాలో యూనికోడ్ సంస్థ నమోదయింది. అందులో ప్రధానంగా వున్నవి పెద్ద కంప్యూటర్ కంపెనీలే. ఒకే సరుకును అన్ని దేశాల్లో అమ్మడానికి ఒకే పట్టిక కావాలి. ఆ వ్యాపార అవసరమే చిన్న భాషలకు కూడా గది దొరికే పరిస్థితి తెచ్చింది. 1991 అక్టోబరులో వచ్చిన మొదటి ప్రతిలోనే తెలుగుకు 128 గదులు వున్నాయి. అయితే ఆ గదుల అమరిక కంపెనీలు కనిపెట్టింది కాదు. భారతదేశంలో 1988లో రూపొందిన ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటిలో ఒకే అక్షరానికి ఒకే వరుస స్థానం అన్నది దాని సూత్రం. నాగరి "క" సంఖ్యకు 768 కలిపితే తెలుగు "క" వస్తుంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పాత ఆస్కీ ఉత్తరాలను ఒక్క బైటూ మార్చకుండా వుంచి కొత్త లిపులను కలుపుకొంది. ఇంగ్లీషుకు 1 బైటు, తెలుగుకు 3. పాత హక్కులు చెక్కుచెదరకుండా కొత్తవాళ్లకు చోటిచ్చిన రాజీ అది. అయినా పనికొచ్చిన రాజీ.

మరి ఇప్పటికీ ఉత్తరాలు ఎందుకు చెడుతున్నాయి? లోపల యూటీఎఫ్-8 బైట్లు, పైన పడమటి యూరప్ పట్టిక చీటీ. లేదా చీటీయే లేదు. చదివే ప్రోగ్రాము తన అలవాటు ప్రకారం విండోస్-1252 అనే పట్టికతో చదివింది. అప్పుడు తెలుగులో ప్రతి అక్షరం మూడు వింత గుర్తులవుతుంది. ఉదాహరణకు "అ" సంఖ్యలు 224, 176, 133. ఆ పట్టికలో 224 అంటే నెత్తిన వాలుగీత వున్న చిన్నబడి ఎ. 176 అంటే డిగ్రీలకు వేసే చిన్న సున్న. 133 అంటే వరసగా మూడు చుక్కలు.

ఇక్కడ పరిష్కర్తకు ఉపయోగపడే ఒక సంగతి వుంది. తెలుగు గదుల మొదటి సగంలో వున్న అచ్చులు, హల్లులు 224, 176తో మొదలవుతాయి. రెండో సగంలో వున్న ఈత్వం నుంచి మిగతా గుణింతపు గుర్తులు, పొల్లు 224, 177తో మొదలవుతాయి. 177 అంటే కూడికా తీసివేతా కలిసిన గుర్తు. కాబట్టి గీత ఎ వెంట చిన్న సున్నా, కూడిక తీసివేత గుర్తూ మారిమారి వస్తూవుంటే అది తెలుగు. అదే గీత ఎ వెంట నాలుగు మూలలా కొమ్ములున్న సున్నా, జపాన్ యెన్ గుర్తూ వస్తే హిందీ. చిన్న 2, చిన్న 3 వస్తే కన్నడం. రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ గుర్తు వస్తే తమిళం. ఒక్క అక్షరం చదవలేకపోయినా ఉత్తరం ఏ భాషలో వుందో చెప్పవచ్చు. శాసన పరిశోధకుడు అరిగిపోయిన రాతి మీద తలకట్టు తీరు చూసి కాలం చెప్పినట్టు.

6

చెడిన ఉత్తరాలు మూడు రకాలు. ఈ విభజన తెలియనందువల్లే బాగయ్యేవి పారేస్తున్నాం, బాగుకానివాటితో కుస్తీపడుతున్నాం.

మొదటి రకం: బైట్లన్నీ క్షేమం, చీటీ మాత్రం తప్పు. ఇందులో ఉత్తరాన్ని ముట్టుకోకూడదు. తలకట్టులో పట్టిక పేరు సరిచేస్తే, లేదా చదివే ప్రోగ్రాములో పట్టిక మారిస్తే చాలు. తెర మీద కనబడేదాన్ని నకలు తీసుకోకుండా అసలు ఉత్తరాన్ని తలకట్టుతో సహా భద్రపరచడం ముఖ్యం. మూలప్రతి ఒక్కటి వుంటే వంద చెడ్డ నకళ్లను తోసిపుచ్చవచ్చు.

రెండో రకం: ఎవరో ఆ వింత గుర్తులనే నకలు తీసి, మళ్లీ యూటీఎఫ్-8గా దాచారు, లేదా ఇంకొకరికి పంపారు. ఇప్పుడు చీటీ నిజమే చెబుతోంది. పాఠమే గీతల ఎలుగా, సున్నలుగా మారిపోయింది. చీటీ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. వచ్చిన దారినే వెనక్కి నడవాలి: గుర్తులను విండోస్-1252 ప్రకారం బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదవాలి. రెండుసార్లు చెడితే రెండుసార్లు వెనక్కి నడవాలి.

మూడో రకం: పంపేటప్పుడే ఏదో ప్రోగ్రాము తన పట్టికలో తెలుగు లేదని ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టింది. ఇక్కడ అక్షరాల సంఖ్య, మాటల మధ్య ఖాళీలు తప్ప ఏమీ మిగల్లేదు. చదవలేని బైటు వున్న ప్రతిచోటా నల్లటి ప్రశ్నార్థకం పెట్టి దాచేసినప్పుడూ ఇంతే. ఇది గ్రంథపాతం. అలా అని గుర్తించి ఆగిపోవాలి.

రెండో రకానికీ మూడో రకానికీ సరిహద్దులో అసలు సాహిత్య సమస్య వుంది. విండోస్-1252లో 5 గదులు ఖాళీ: 129, 141, 143, 144, 157. ఆ సంఖ్యలు వచ్చినప్పుడు కొన్ని ప్రోగ్రాములు వాటిని కంటికి కనబడని సంకేతాలుగా వుంచుతాయి. అప్పుడు పాఠం బతుకుతుంది. మరికొన్ని వాటిని వదిలేస్తాయి. ఇంగ్లీషుకు ఆ గదులతో పనిలేదు. తెలుగుకు? మూడో బైటుగా 129 వచ్చేది కొమ్ముకు, అరసున్నకు. 141 వచ్చేది పొల్లుకు. 143 "ఏ"కు, 144 "ఐ"కి, 157 "ఝ"కు. పొల్లు లేకపోతే ఒత్తు లేదు. కొమ్ము లేకపోతే తెలుగు మాటల్లో సగం చివర లేకుండా పోతాయి. "అమ్మ" కాస్తా "అమమ" అవుతుంది, "తెలుగు" కాస్తా "తెలగ" అవుతుంది. ఎక్కడో ఎవరో అక్కరలేదని వదిలిన రెండు ఖాళీ గదులు మన భాషకు రెండు ఆయువుపట్లు.

అయినా పూర్తిగా పోలేదు. పోయింది మూడో బైటు. మొదటి రెండూ, 224, 177 మిగిలాయి. వాటి వెంట పోదగిన వాడుక గుర్తులు రెండే: కొమ్ము లేదా పొల్లు. కాబట్టి ప్రతి గాయం దగ్గరా ప్రశ్న ఒక్కటే, ఇది కొమ్మా పొల్లా? "వచ్చారు" అనే మాటలో రెండు చకారాల మధ్య పోయింది పొల్లే, చివర పోయింది కొమ్మే. చాలాచోట్ల భాష తెలిసినవాడు తడుముకోకుండా చెబుతాడు. యంత్రానికి ఒక నిఘంటువు ఇస్తే అదీ చెబుతుంది.

కాని నిఘంటువు ఎవరిది? "చేసుకొని" అనే మాటలో సకారం తర్వాత కొమ్ము. "చేస్కొని"లో అదే చోట పొల్లు. "తీసుకొని", "తీస్కొని" కూడా అంతే. తెలంగాణ పలుకుబడిలో రాసిన కథ ఇలా గాయపడి వచ్చిందనుకుందాం. ప్రామాణిక భాష నిఘంటువు పెట్టుకున్న ప్రోగ్రాము ప్రతి గాయం దగ్గరా కొమ్ము పెడుతుంది. పాఠం నునుపుగా, తప్పుల్లేకుండా బయటికి వస్తుంది. కథకుడి గొంతు మాత్రం పోతుంది. పోయిందని కూడా తెలియదు, ఎందుకంటే పైకి ఏ మచ్చా కనబడదు. పద్యమైతే ఛందస్సు సాక్ష్యం చెబుతుంది: పొల్లు వుంటే ముందున్న అక్షరం గురువు, కొమ్ము వుంటే మరో లఘువు. వచనానికి ఆ సాక్షి లేడు. రచయిత ఇతర కథల్లో ఎలా రాశాడు, ఆ పాత్ర ఇంకోచోట ఎలా మాట్లాడింది అని వెతకవలసింది మనిషే.

పాత పరిష్కర్తలకు ఈ ప్రమాదం తెలుసు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించే ముందు సి.పి. బ్రౌన్ అనేక ప్రతులను పోల్చి చూపించాడు. ఆ తర్వాతి కాలంలో మన పండితులు తాళపత్రాల్లో పకార వకారాల తారుమారు, థకార ధకారాల తారుమారు లేఖకుడి చేతి నుంచి ఎలా పుడతాయో గ్రహించి పాఠాలు నిర్ణయించారు. మంచి పరిష్కర్త తన వూహను మూలంగా చలామణీ చెయ్యడు; పాఠాంతరం చూపిస్తాడు, గుర్తు పెడతాడు. గ్రామ్యమని తోచినదాన్నల్లా గ్రాంథికం చేసి అచ్చువేసినవాళ్లూ వున్నారు. ఆ రెండు సంప్రదాయాలూ నేడు ఈమెయిల్ దగ్గర మళ్లీ ఎదురుపడుతున్నాయి. రెండోదానికి ఇప్పుడు యంత్రం వేగం తోడయింది.

7

తెలుగుకు ప్రత్యేకమైన మరో చిక్కు వుంది. యూనికోడ్ తెలుగు మామూలు యంత్రాల్లోకి వచ్చేలోగా మనవాళ్లు రెండు దారులు తొక్కారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్లు 1990ల తొలి సంవత్సరాల్లో ఆర్.టి.ఎస్. అనే పద్ధతి రూపొందించారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం. చిన్నబడి టి తకారం, పెద్దబడి టి టకారం. ఆస్కీ గడపను చీటీ లేకుండా దాటడానికి అది మంచి ఉపాయం. తలకట్టు ఎలా వున్నా పాఠం చెడదు. కోయ్-8 పట్టిక చేసినవాళ్ల ఆలోచనకు ఇది దగ్గరి బంధువు.

రెండో దారి డీటీపీ ఫాంట్లది. ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు అక్షరాల తునకలు పెట్టి, ఫాంట్ బొమ్మతో తెలుగుగా చూపించడం. తలకట్టు ఒక తునక, ఒత్తు ఒక తునక. ఒక్కో ఫాంట్ కంపెనీకి ఒక్కో అమరిక. పత్రికలు, పుస్తకాలు ఏళ్ల తరబడి ఇలాగే తయారయ్యాయి, ఈమెయిల్లో ఇలాగే ప్రయాణం చేశాయి. ఇక్కడ తలకట్టు పడమటి పట్టిక అని చెబుతుంది; బైట్లు ఆ పట్టికకు విధేయంగానే వుంటాయి. ఏ తప్పూ లేదు, అర్థమూ లేదు. అర్థం ఫాంట్‌లో వుంది, ఫాంట్ ఒక వ్యాపారి సొత్తు. ఆ ఫాంట్ కొత్త యంత్రంలో పనిచెయ్యని రోజున పాఠం మూగబోతుంది. ఇలాంటి ఉత్తరాలను విప్పాలంటే ఒక్కో ఫాంట్‌కు ఒక్కో పట్టిక కావాలి, తునకలను కంటికి కనబడే వరుస నుంచి ఉచ్చారణ వరుసలోకి తిప్పాలి. స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లు కొన్ని ఫాంట్లకు అటువంటి మార్పిడి పట్టికలు తయారుచేశారు. అవి లేనిచోట, ఆ ఫాంట్‌తో వేసిన పాత అచ్చుప్రతి పక్కన పెట్టుకొని పట్టిక కట్టుకోవచ్చు. ద్విభాషా శాసనంతో తెలియని లిపిని చదివినట్టే.

2012లో వచ్చిన ప్రమాణాలు తలకట్టును కూడా నేరుగా యూటీఎఫ్-8లో రాయడానికి అనుమతిచ్చాయి. 1992లో కట్టిన మూటలు ఇక విప్పెయ్యవచ్చునన్నమాట, రెండు వైపుల యంత్రాలూ ఒప్పుకుంటే. కొత్త ఉత్తరాల సంగతి మెరుగయింది. మన ఆందోళన పాత ఉత్తరాల గురించి. ఉదారీకరణ తర్వాతి దశాబ్దాల్లో మన రచయితలు, సంపాదకులు రాసుకున్న ఉత్తరాల్లో, పంపుకున్న రచనల్లో, దిద్దుబాట్లలో గణనీయమైన భాగం కాగితం మీద లేదు. కందుకూరి, గురజాడ ఉత్తరాలు కాగితాలుగా మిగిలాయి కనుక వాళ్ల కాలాన్ని పునర్నిర్మించగలిగాం. రేపు ఒక విద్యార్థి 2000 ప్రాంతపు సాహిత్య వాదాల మీద పరిశోధన చెయ్యబోతే అతనికి దొరికేవి గీతల ఎలు, చిన్న సున్నలు.

కాబట్టి పత్రికలు, సంఘాలు చెయ్యవలసిన పనులు కొన్ని వున్నాయి. చెడినట్టు కనబడే ఉత్తరాన్ని తుడిచెయ్యకూడదు; తలకట్టుతో సహా యథాతథంగా దాచాలి. బాగుచేసిన ప్రతిని వేరుగా వుంచి, ఏ పట్టిక నుంచి ఏ పట్టికకు ఎన్నిసార్లు వెనక్కి నడిచామో రాసిపెట్టాలి. కొమ్మా పొల్లా అని నిర్ణయించిన చోట గుర్తు పెట్టాలి, మాండలిక రచనల్లో మరీ ముఖ్యంగా. పాత ఫాంట్లను, వాటి పట్టికలను పారెయ్యకుండా వుంచాలి. సాహిత్య విద్యార్థులకు పాఠ పరిష్కరణ నేర్పేటప్పుడు తాళపత్రం పక్కన ఒక చెడిన ఈమెయిల్ కూడా పెట్టి చూపాలి. వీటికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, ఓపిక కావాలి. తెలుగు తెలిసినవాళ్లు ఈ పని చెయ్యకపోతే, "చేస్కొని" అన్న కథకుడి చేత "చేసుకొని" అనిపించే ప్రోగ్రాములు మన తరఫున ఆ పని చేసి పెడతాయి.